999 రూపాయల గది

(తిరుపతిలో కామర్సు విద్యార్థులు, చిన్న వ్యాపారులు కూర్చున్న సభలో చిత్తూరు ఆడిటరు ఒకాయన చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. ఆయన మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడతా ఉందా? సరే.

నాకిచ్చిన ప్రశ్న ఇది. ఏరి కోరి కొందరికే ఇచ్చే పన్ను రాయితీలు మార్కెట్టును వంకర చేస్తాయా, వాటిని ఎత్తేయాలా? నేను ఎకనామిక్సు పండితుణ్ణి కాదు. ముప్పై ఏడేళ్ళు చిత్తూరులో ఆడిటు చేసుకుని బతికినవాణ్ణి. రాయితీలన్నీ పోతే ముందు మూతపడేది మా ఆఫీసులే. అందుకని ఎత్తేయమని నేను అంటే కాస్త నమ్మండి. (నవ్వులు)

మీ ఊళ్ళోంచే మొదలుపెడతాను. రైల్వే స్టేషను బయటికొచ్చి గోవిందరాజస్వామి గుడి వైపు నడిస్తే లాడ్జీలు. కొన్నేళ్ళ కిందట ఆ బోర్డుల మీద ఎక్కడ చూసినా 999. బాటా చెప్పుల ధర మాదిరి చవకగా కనిపించాలనే పెట్టారనుకుంటారు. అదొక్కటే కాదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు రోజుకు వెయ్యిలోపు గదికి పన్ను లేదన్నారు. వెయ్యి అయితే 12 శాతం. అంటే 999 గదికి యాత్రికుడు 999 కడతాడు, వెయ్యి గదికి 1,120 కడతాడు. ఓనరు ఒక్క రూపాయి పెంచితే దిగేవాడి జేబులోంచి 121 రూపాయలు పోతాయి. అట్లాంటప్పుడు ఏ ఓనరు పెంచుతాడు?

మా క్లయింటు ఒకాయనకి అప్పట్లో లాడ్జీ ఉండేది. ఏసీ గది 1,150కి ఇచ్చేవాడు. జీఎస్టీ వచ్చినాక 999కి దించి, వేడినీళ్ళకూ టీవీకీ వేరే చీటీ రాయడం మొదలుపెట్టినాడు. "ఇది చెల్లదు నాయనా, గదితో పాటు ఇచ్చేదంతా గది అద్దె కిందికే వస్తుంది" అని చెప్పినాను. మంచివాడు, విన్నాడు. చీటీలు మానేసి గదుల్లో ఏసీలు పీకించేశాడు! 1,150కి గిట్టిన గది 999కి గిట్టాలంటే ఏదో ఒకటి తగ్గాలి కదా. మే నెల తిరుపతి ఎండ మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లాజెల్లాతో వచ్చి, ఇంకో రెండు వందలు ఎక్కువైనా ఏసీ గది కావాలనుకున్నవాడికి అది దొరకలేదు. కావాలనేవాడు ఉన్నాడు, ఇవ్వగలిగినవాడూ ఉన్నాడు, మధ్యలో పన్ను గీసిన గీత ఉంది. మార్కెట్టు వంకరపోవడం అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను ఆ పీకేసిన ఏసీని చూపిస్తాను.

ఆ మినహాయింపును 2022 జులై 18న తీసేశారు. వెయ్యిలోపు గదికీ 12 శాతం వేశారు. ఆ వారం ఈ ఊళ్ళో నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కాదు, నేనేదో ఢిల్లీలో కూర్చుని వేసినట్టు. కానీ గీత చెరిగిపోయింది. ఇక 999 దగ్గర ఆగాల్సిన పని లేదు. అయినా కొన్ని బోర్డులు మారలేదు, అలవాటు పన్ను కంటే మొండిది. ఇప్పుడు 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా 5 శాతం, ఆపైన 18. గీతను పైకి జరిపారు. పెద్ద హోటలు ముందు 7,499 అని కనిపిస్తే నన్ను తలచుకోండి. (నవ్వులు)

కొండమీద దేవస్థానం వాళ్ళ 50 రూపాయల గది సంగతి అడుగుతారేమో. ధార్మిక సంస్థలు గుడి ఆవరణలో ఇచ్చే వెయ్యిలోపు గదులకు మినహాయింపు ఉంది. దాని జోలికి నేను పోను. 50 రూపాయలకు గది ఇవ్వడం వ్యాపారం కాదు.

ఇంకోటి చూద్దాం. అలిపిరి దగ్గర నిలబడి కొండెక్కే టాక్సీలను లెక్కపెట్టండి. సెడాన్ కార్లలో చాలావాటికి వెనక భాగం ఎవరో కత్తితో కోసినట్టుంటుంది. డిక్కీ చాలక పెట్టెలు పైన క్యారియరు మీద కట్టుకుని పోతుంటారు. కోసింది పన్నే. 2006 బడ్జెట్టులో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని, అంటే తయారీ మీద వేసే పన్నును, 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏది? పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజను 1,200 సీసీలోపు, డీజిలు 1,500 సీసీలోపు ఉండాలి. 2008లో టాటావాళ్ళు ఇండిగోను కురచ చేశారు. 2012లో మారుతీవాళ్ళు డిజైరును కురచ చేశారు. తర్వాత అందరూ అదే దారి. మన దేశానికి ఎంత పొడవు కారు కావాలన్నది కొనేవాడో ఇంజనీరో తేల్చాల్సిన విషయం. మనకు మాత్రం దాన్ని బడ్జెట్టు కాగితం తేల్చింది. ఆ గీత ఈనాటికీ ఉంది. ఇప్పుడు చిన్న కారుకు 18 శాతం, దాటితే 40. ఒక్క మిల్లీమీటరు పొడుగు పెరిగితే ఎంత ఖరీదో మీరే లెక్కేసుకోండి.

ఇదంతా వేరేవాళ్ళ కథ. ఇప్పుడు నా పాపం చెప్పుకుంటాను.

జీఎస్టీకి ముందు చిన్న పరిశ్రమలకు ఎక్సైజు మినహాయింపు ఉండేది. ఏడాదికి కోటిన్నర దాకా సరుకుకు సుంకం లేదు. మా దగ్గరికి బీరువాలు చేసే ఆయన వచ్చేవాడు. చేతిలో పనితనం ఉంది, ఆర్డర్లు ఉన్నాయి, కోటిన్నర దాటబోతున్నాడు. "ఏం చేద్దాం సార్?" అన్నాడు. దాటు, పెద్దవాడివి అవుతావు అని చెప్పాల్సింది. నేను చెప్పింది ఏమిటంటే, తమ్ముడి పేరు మీద ఇంకో యూనిట్టు పెట్టు అని. ఉత్త పేరు మారిస్తే డిపార్టుమెంటు వాళ్ళు రెండూ ఒకటేనని కలిపేస్తారు. అందుకని షెడ్డు మధ్యలో గోడ కట్టించినాం. రెండు తలుపులు, రెండు కరెంటు మీటర్లు, రెండు బోర్డులు. రేకు వంచే మిషను ఒక్కటే కాబట్టి అది గోడకి ఒక పక్క ఉండిపోయింది. రెండో పక్క రేకులు రోడ్డు మీదుగా తిప్పి మోసుకొచ్చేవాళ్ళు. ముప్పై అడుగుల షెడ్డులో వంద అడుగుల నడక. ఆ గోడ ఒక్క బీరువానూ ఎక్కువ చేయలేదు. నాకు మాత్రం ఏటా రెండు ఆడిటు ఫీజులు తెచ్చిపెట్టింది.

జీఎస్టీ వచ్చినాక గోడ అక్కర్లేదు, కూలగొట్టుకోమని నేనే చెప్పినాను. అప్పటికి అన్నదమ్ములకు మాటల్లేవు.

(కొద్దిసేపు నిశ్శబ్దం)

సరే. పెద్ద కథకు పోదాం. 2003 జనవరిలో కేంద్రం హిమాచల్‌ప్రదేశ్‌కూ ఉత్తరాఖండ్‌కూ ఒక ప్యాకేజీ ఇచ్చింది. అక్కడ కొత్త ఫ్యాక్టరీ పెడితే పదేళ్ళు ఎక్సైజు లేదు. ఆదాయపు పన్ను మొదటి ఐదేళ్ళు పూర్తి మాఫీ, తర్వాత ఐదేళ్ళు కొంత మాఫీ. హిమాచల్‌లో బద్ది అనే ఊరు మందుల ఫ్యాక్టరీలతో నిండిపోయింది. మన డాక్టర్ రెడ్డీస్ వాళ్ళూ అక్కడ ప్లాంటు పెట్టారు. బద్దికి రేవు లేదు. మందులకు కావాల్సిన ముడిసరుకు హైదరాబాదు చుట్టుపక్కల చేస్తారు, గుజరాతులో చేస్తారు. దాన్ని లారీకెక్కించి హిమాలయాల దాకా తీసుకుపోయి మాత్రలు కొట్టి, ఆ మాత్రలను మళ్ళీ లారీకెక్కించి మన మెడికల్ షాపుకు తెచ్చారు. ఆ డీజిలు ఖర్చు కంటే మిగిలే పన్ను ఎక్కువ కాబట్టి కంపెనీకి గిట్టింది. దేశానికి గిట్టిందా అన్నది వేరే లెక్క. పక్కనున్న పంజాబు, హర్యానా మా ఫ్యాక్టరీలు వెళ్ళిపోతున్నాయని మొత్తుకున్నాయి.

కానీ ఒకటి దాచకుండా చెప్పాలి. రాయితీ గడువులు తీరిపోయాయి, బద్ది ఖాళీ కాలేదు. పనివాళ్ళు తయారయ్యారు, ప్యాకింగు డబ్బాలు చేసేవాళ్ళు వచ్చారు, ఊరు కుదురుకుంది. కాబట్టి రాయితీతో ఏమీ రాదని నేను అనను. ఒక ఊరు లేవాలంటే మొదటి నెట్టు కావాలి అనే వాదనలో నిజం ఉంది. నా పేచీ అంతా ఆ నెట్టుకు ఎంత ఖర్చయిందో, ఎవరి జేబులోంచి పోయిందో ఎవరికీ తెలియకపోవడంతోనే.

మన సంగతికొద్దాం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రత్యేక హోదా మాట ఇచ్చారు. హోదా అనగానే మన జనం మనసులో మెదిలింది ఏమిటి? బద్దిలాగా మనకూ పన్నులుండవు, ఫ్యాక్టరీలు బారులు తీరతాయి అని. హోదా రాలేదు. ఒక చిన్న రాయితీ మాత్రం వచ్చింది, అది చాలామందికి తెలియను కూడా తెలియదు. ఆదాయపు పన్ను చట్టంలో 32 ఏడీ అనే సెక్షను. వెనకబడిన ఏడు జిల్లాల్లో కొత్త ఫ్యాక్టరీ పెడితే యంత్రాల ఖరీదులో 15 శాతం అదనంగా లాభంలోంచి తగ్గించుకోవచ్చు. యంత్రం అరిగినందుకు ఖర్చు కింద రాసుకునే తరుగుదల కూడా 20 శాతం బదులు 35 శాతం అదనంగా రాసుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు. ఉమ్మడి చిత్తూరు జిల్లా, అంటే తిరుపతి కూడా అందులోదే. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 దాకా ఆ రాయితీ ఉండేది.

ఇప్పుడు దీన్ని మన జిల్లాలో ఒక పల్ప్ ఫ్యాక్టరీ వైపు నుంచి చూడండి. తోతాపురి కాయ కొని గుజ్జు తీసే ఫ్యాక్టరీ. ఏడాదికి రెండు మూడు నెలలు నడుస్తుంది. తీసిన గుజ్జు డ్రమ్ముల్లో ఉంటుంది, దానిమీద బ్యాంకు వడ్డీ నడుస్తా ఉంటుంది. విదేశం నుంచి ఆర్డరు రాకపోతే ఆ ఏడు లాభమే ఉండదు. లాభం లేనివాడికి లాభంలోంచి తగ్గింపు ఇస్తే ఏం చేసుకుంటాడు? నూనె లేనివాడికి దీపపు కుందె ఇచ్చినట్టు. ఆ రాయితీ అప్పటికే వేరేచోట లాభాలు ఉన్న పెద్ద కంపెనీకి పనికొస్తుంది. వాళ్ళు ఎట్లాగూ పెట్టుబడి పెట్టగలిగినవాళ్ళే.

రెండోది, ఇది యంత్రానికిచ్చే రాయితీ. మన జిల్లాలో ఏం తక్కువ, ఏం ఎక్కువ? పని అడిగే చేతులు ఎక్కువ. బెంగళూరుకు, చెన్నైకి పోయే పొద్దుటి రైళ్ళు చూడండి. చేతులు ఖాళీగా ఉన్నచోట యంత్రానికి తగ్గింపు ఇస్తే ఓనరు ఏం చేస్తాడు, పదిమంది చేసే పనికి ఒక మిషను తెస్తాడు. మనుషులను పెట్టుకుంటే కూడా రాయితీ ఉందండీ అని మీలో సీఏ చదివేవాళ్ళు అంటారు. ఉంది, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 80 జేజేఏఏ సెక్షను. కొత్తగా చేరినవాళ్ళ జీతంలో 30 శాతం చొప్పున మూడేళ్ళు తగ్గింపు. కానీ ఆ మనిషి ఏడాదిలో 240 రోజులు పనిచేయాలి. బట్టలు, చెప్పుల ఫ్యాక్టరీలకు 150 చాలన్నారు. పల్ప్ ఫ్యాక్టరీలో కాయ కోసే ఆడకూతుళ్ళకు సీజను మొత్తం కలిపినా తొంభై రోజులు దాటదు. బట్టలవాళ్ళు వెళ్ళి అడిగారు, 150 చేయించుకున్నారు. మామిడివాళ్ళకు అడగడం తెలియలేదు. నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇక్కడే ఉంది. రాయితీ అవసరమున్నవాడిని వెతుక్కుంటూ రాదు. అడగడం తెలిసినవాడి ఇంటికి పోతుంది.

ఫ్యాక్టరీల నగరం శ్రీసిటీ మాటేమిటి అంటారు. నిజమే, 2008లో మొదలై సత్యవేడు వైపు ముఖం మార్చేసింది. దాన్ని నేను తక్కువ చేయను, మా బంధువుల పిల్లలు కూడా అక్కడ పనిచేస్తున్నారు. కానీ ఏది ఎందువల్ల వచ్చిందో వేరు చేసి చూడండి. సెజ్, అంటే ప్రత్యేక ఆర్థిక మండలి, శ్రీసిటీలోనూ ఉంది. ఆ సెజ్ చట్టంలో అప్పట్లో పెద్ద ఆకర్షణ ఎగుమతి లాభం మీద ఆదాయపు పన్ను మాఫీ. ఐదేళ్ళు పూర్తిగా, ఇంకో ఐదేళ్ళు సగం. దాన్నిచ్చినవాళ్ళే 2011 బడ్జెట్టులో సెజ్‌లకు కూడా మ్యాట్, అంటే కనీస పన్ను, తగిలించారు. ఇచ్చిన మాట ఆరేళ్ళు కూడా ఆగలేదు. శ్రీసిటీలో కార్లు, చాక్లెట్లు, ఏసీలు చేసి మన దేశంలోనే అమ్మేవాళ్ళకు ఎగుమతి మాఫీతో పనేముంది? వాళ్ళు చూసింది చెన్నై రేవు, హైవే, కొట్లాటల్లేని భూమి, నీళ్ళు, కరెంటు. ఆ రోడ్డూ ఆ కరెంటూ కుప్పంలోనో పలమనేరులోనో ఏ చిన్నవాడికైనా ఒకేలా పనికొస్తాయి.

రాష్ట్రం ఇచ్చే తాయిలాలు వేరే ఉన్నాయి. జీఎస్టీలో రాష్ట్రం వాటా వెనక్కివ్వడం, కరెంటు రేటు తగ్గించడం, భూమి చవకగా ఇవ్వడం. మనది మూడు రాష్ట్రాల సరిహద్దు. కంపెనీవాడు సత్యవేడులో కూర్చుని శ్రీపెరంబుదూరుకు ఫోను చేస్తాడు, హోసూరుకు చేస్తాడు, కోలారుకు చేస్తాడు. దామలచెరువు మామిడి మండీ చూసినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. కొనేవాడు ఒక్కడు, కాయ ట్రాక్టర్లు ఇరవై. వెనక ట్రాక్టరు రేటు చెప్పి ముందు ట్రాక్టరు రేటు దించుతాడు. సాయంత్రానికి కొనేవాడు ఎంత కాయ కావాలో అంతే కొంటాడు, ఒక్క కాయ ఎక్కువ కొనడు. ఇరవైమందీ తక్కువకు ఇచ్చి ఇంటికి పోతారు. రాష్ట్రాలు ఇవాళ ఆ ట్రాక్టర్ల వరసలో ఉన్నాయి. ఇందులో ఏ పార్టీనీ అనడం లేదు, అధికారంలో ఎవరున్నా అదే వరస.

అయితే ఎత్తేయడం జరిగే పనేనా? జరిగింది, సగం. 2019 సెప్టెంబరు 20న కంపెనీలకు ఒక బేరం పెట్టారు. రాయితీలన్నీ వదిలేసుకుంటే 22 శాతమే కట్టండి అని. పాత రేటు పెద్ద కంపెనీలకు 30. ఏడాదికి లక్షా నలభై ఐదు వేల కోట్లు తగ్గుతుందని ప్రభుత్వమే చెప్పింది. నాకు నచ్చిన సంస్కరణ. కానీ అదే రోజు, అదే ప్రకటనలో, కొత్తగా తయారీ ఫ్యాక్టరీ పెట్టే కంపెనీకి 15 శాతమే అన్నారు. ఒక చేత్తో కలుపు పీకుతూ ఇంకో చేత్తో విత్తనం చల్లారు! 2023 మార్చి అన్న గడువు 2024 మార్చికి జరిగింది. అక్కడితో ఆపారు, అదే గొప్ప. ఇక ఉద్యోగుల సంగతి ఒక్క మాట. మార్చి నెలలో 80 సీ సెక్షను కింద పన్ను తగ్గించుకోవడం కోసం అక్కర్లేని పాలసీలు కొన్నవాళ్ళు చేతులెత్తండి. (నవ్వులు) నేనూ ఎత్తాను చూడండి. 80 సీ లేని కొత్త పన్ను పద్ధతిలో ఆ బాధ తప్పింది.

నా సలహా ఇది. ఇప్పటికే ఇచ్చిన మాటలను గడువు దాకా నిలబెట్టుకోవాలి, సెజ్‌లకు చేసినట్టు మధ్యలో మాట తప్పకూడదు. కొత్తవి ఇవ్వొద్దు. ఎవరికైనా సాయం చేయాలనిపిస్తే బడ్జెట్టులో ఖర్చు కింద రాసి, ఓటింగు పెట్టి, చెక్కు ఇవ్వండి. పన్ను మాఫీ కూడా ఖర్చే. పది కోట్లు ఖజానాలోంచి తీసి ఇవ్వడానికీ, ఖజానాకు రావాల్సిన పది కోట్లు వదిలేయడానికీ నాకు తేడా కనపడదు. కానీ మొదటిదానికి అసెంబ్లీలో ప్రశ్న వస్తుంది, పేపర్లో వార్త వస్తుంది. రెండోదానికి ఏదీ రాదు. కేంద్రం 2006–07 నుంచి పన్ను రాయితీల వల్ల ఎంత పోతోందో బడ్జెట్టుతో పాటు ఒక పట్టీ ఇస్తోంది. మంచి పని. కానీ దాంట్లో సెక్షన్ల వారీగా మొత్తాలుంటాయి, మన జిల్లాలో ఎవరికి ఎంత అని వెతికితే దొరకదు.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, చెక్కు ఇచ్చినా పెద్ద కంపెనీలకే పోతుంది కదా? పీఎల్ఐ స్కీము, అంటే ఉత్పత్తి పెంచితే కేంద్రం డబ్బులిచ్చే స్కీము, అట్లాగే ఉందంటారు.)

పోతుందమ్మా. శ్రీసిటీలో ఏసీలు చేస్తున్నారు, ఎక్కువ సరుకు చేసేవాళ్ళకే ఎక్కువ డబ్బు వచ్చేలా ఆ స్కీము రాశారు. అది నాకూ పూర్తిగా నచ్చదు. కానీ నువ్వు ఇవాళ లేచి అడగగలిగావు చూడు, అదెందుకంటే దానికి ఒక పేరుంది, బడ్జెట్టులో ఒక అంకె ఉంది. 32 ఏడీ గురించి నిన్నటిదాకా ఈ హాల్లో ఎంతమంది విన్నారు?

(పాకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతు: సార్, రాయితీలన్నీ ఎత్తేయమంటాండారు. మా సేద్యం ఆదాయానికి పన్ను లేకపోవడం కూడా రాయితీనే కదా. అదీ ఎత్తేస్తారా?)

బాగా అడిగినావన్నా, దీనికోసమే చూస్తున్నాను. సేద్యం ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది, కేంద్రం వేయడానికి వీల్లేదు. అది అట్లుంచు. నీకెన్ని ఎకరాలు తోట?

(రైతు: నాలుగు.)

పోయినేడు, 2025లో, నాలుగెకరాల తోతాపురికి నీకు మిగిలింది పన్ను కట్టేంత ఉందా? లేదు కదా. అంటే ఆ మినహాయింపు వల్ల నీకు పైసా లాభం లేదు. లాభం ఎవరికో నా ఫైళ్ళు చెబుతాయి. ఊళ్ళో కాంట్రాక్టులు చేసుకుంటూ, నాలుగు చెట్లు చూపించి నలభై లక్షలు మామిడికాయ అమ్మినట్టు రాయించుకునేవాళ్ళకి. నా దగ్గరికీ వచ్చారు. కొందరిని పంపించేశాను. అందరినీ పంపించేశానని మాత్రం ప్రమాణం చేయలేను. నీకు పనికొచ్చింది ఏమిటంటే, కాయ ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు ఇస్తానన్న 4 రూపాయలు. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 అన్నారు. ఆరున్నర లక్షల టన్నులకు 260 కోట్లు. లెక్క తెలుసు, రేటు తెలుసు, అందుకే రాకపోతే రోడ్డెక్కి అడగగలిగారు. నీకు పడినాయా?

(రైతు: నాలుగు పడింది సార్. ఫ్యాక్టరీ ఎనిమిదే సరిగ్గా ఇయ్యలే.)

తూకం చీటీలు దాచిపెట్టుకున్నావా?

(రైతు: ఉండాయి సార్, ఇంట్లో.)

రేపు కాదు, ఎల్లుండి పొద్దున చిత్తూరుకు రా అన్నా, అన్ని చీటీలూ తీసుకొని. ఫీజు ఏం వద్దులే.